పెరిగిన తాడు

ఒకప్పుడు మాకు పడవ ఉండేదని చెబితే మా స్కూలు పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, ఉండేది. సైకిలుంటే గొప్పవాళ్ళ కింద లెక్కయిన ఆ డెబ్భైల్లో, సముద్రం గాలి కూడా సోకని తిరువూరులో, మాకు తెరచాప పడవ ఉండేది. మా ఆయన నేవీలో పదేళ్ళు చేసి వచ్చినాయన. గడువు తీరి ఇంటికొచ్చేటప్పుడు తోటివాళ్ళంతా ట్రాన్సిస్టర్లూ గోడ గడియారాలూ తెచ్చుకుంటే, ఈయన విశాఖపట్నం రేవులో పాత కొయ్యసామాను కింద అమ్మేస్తున్న పడవని కొని లారీ మీద వేయించుకుని దిగారు. నాకు మిషన్ స్కూల్లో టీచరు ఉద్యోగం కాబట్టి కాపురం తిరువూరులోనే. లారీ మా గుమ్మం ముందు ఆగినప్పుడు నేను గిన్నెలు తోముకుంటున్నాను. "ఇదేంటండీ?" అన్నాను. "పడవ" అన్నారు. కళ్ళు కనపడక అడిగాననుకున్నారు కాబోలు.

ఇక ఊరు ఊరుకుంటుందా? ఆదివారం మా చర్చి గుడి బయట పెద్దమనుషులు ఆయన్ని చుట్టుముట్టి, "ఏమండీ, జలప్రళయం ఎప్పుడో మాక్కూడా ఒక మాట చెప్పండి, మూటాముల్లే సర్దుకుంటాం" అనేవారు. ఆయన వాళ్ళకంటే గట్టిగా నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మొదటి ఏడాది వర్షాలకి చెరువు నిండినప్పుడు రెండుసార్లు దించి నడిపారు. ఆ తరవాత రైసుమిల్లులో కాటా గుమాస్తా పని దొరికింది. పక్క ఊళ్ళు నెమలి, గంపలగూడెం నుంచి వచ్చే ధాన్యం బస్తాలు తూకం వేయించి చీటీలు రాయటం ఆ పని. మిల్లు షావుకారుగారు దయగల మనిషి, "నేవీగారూ, మీ ఓడని మా ఊక కొట్టంలో పెట్టుకోండి" అన్నారు. పడవ అందులోకి వెళ్ళి ఆరేళ్ళు మళ్ళీ వెలుగు చూడలేదు.

ఆ ఆరేళ్ళలో మా ఆయన కూడా ఏదో కొట్టంలోకి వెళ్ళిపోయారు. మాటకి ముందు నవ్వే మనిషి ఊఁ కొట్టటం నేర్చుకున్నారు. అన్నం పెట్టనా అంటే ఊఁ. కూర బాగుందా అంటే ఊఁ. ఉప్పు వెయ్యటం మర్చిపోయిన రోజు కూడా ఊఁ. సాయంత్రం మిల్లు నుంచి వచ్చి, తలలో దుమ్ము దులుపుకోకుండానే అరుగు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు గోడని చూస్తుండేవారు. ఆ గోడ మీద చూడటానికి ఏమీ లేదు, నేను చాలాసార్లు చూశాను.

అలాంటి రోజుల్లో, వానాకాలం వెళ్ళిపోయి చెరువు నిండుగా ఉన్నప్పుడు, ఒక సోమవారం ఉత్తరం వచ్చింది. రాసినాయన నేవీలో ఈయనకి పడవ నడపటం నేర్పిన ఆఫీసరు. రిటైరై, ఎక్కడో డ్యాం దగ్గర ఒక బోర్డింగ్ స్కూల్లో పిల్లలకి పడవలు నేర్పించే పని మొదలుపెట్టారట. సాయానికి ఒక మనిషి కావాలి, క్వార్టర్సు ఇస్తారు. "వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి మీ ఊరి మీదుగా వెళ్తున్నాను. నీ దగ్గర సొంత పడవ ఉందని విన్నాను. నడిపి చూపించు, ఉద్యోగం నీదే" అని రాశారు. ఆయన ఆ ఉత్తరాన్ని నాకు చదివి వినిపించారు. తరవాత వాళ్ళమ్మకి వినిపించారు. తరవాత మిల్లుకి తీసుకెళ్ళి షావుకారుగారికి కూడా వినిపించారట.

నా సంగతి దాచుకోకుండా చెప్పాలి. నాకు వెళ్ళాలని లేదు. నాది గవర్నమెంటు ఉద్యోగం కాదు, ట్రాన్స్‌ఫరు పెట్టుకుందామంటే కుదరదు. పదకొండేళ్ళుగా ఒకటో తరగతి పిల్లల చేత అ ఆలు దిద్దిస్తున్న బడి వదిలేసి, డ్యాం పక్కన క్వార్టర్సులో ఆయన వచ్చేదాకా గుమ్మంలో కూర్చోవాలి. అలాగని ఆయన్ని వెళ్ళొద్దనటానికి నాకు నోరెలా వస్తుంది? ఈ ఉద్యోగం రాకపోతే ఈయన ఆ కాటా దగ్గరే ముసలాడైపోతారు. రావాలని పగలు ప్రార్థన చేసుకునేదాన్ని. అన్నం వండుతూ ఏ మూలో రాకూడదనుకునేదాన్ని. ఏ ప్రార్థన దేవుడి దగ్గరికి ముందు చేరుతుందో తెలియక భయపడేదాన్ని.

బుధవారం పడవని ఊకలోంచి తవ్వి తీశారు. అవును, తవ్వే తీశారు. ఎలుకలు అందులో మూడు తరాలు కాపురం చేసి వెళ్ళినట్టున్నాయి. ఎండకీ ఊక వేడికీ చెక్కలు ఎండిపోయి, మధ్యలో నా చిటికెనవేలు పట్టేంత సందులు. "ఇంకేం పడవండీ, జల్లెడ" అన్నాను. ఆయనకి కోపం రాలేదు. "చెక్క దాహంగా ఉంది, అంతే. నీళ్ళు తాగితే అదే కలుస్తుంది" అన్నారు. ఎడ్లబండి మీద చెరువు కట్టకి తోలించి, పడవలో రాళ్ళు వేసి, ఒడ్డు పక్కన నీళ్ళలో ముంచేశారు. రెండు రోజులు అలాగే వదిలేశారు. బాగుచేస్తాడనుకున్న మనిషి పడవని ముంచాడని బట్టలుతికే ఆడవాళ్ళు ఒకటే నవ్వు. శనివారం పొద్దున తీసి చూస్తే సందులు నిజంగానే కలిసిపోయాయి. మిగిలిన రెండు మూడు చోట్ల దూది కూరి గుగ్గిలం పూశారు. ఆ వాసన ఆయన చొక్కాకి ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

తెరచాప నా వంతయింది. చాప అంటే మందపాటి కేన్వాసు గుడ్డ, మా కుట్టుమిషను సూది దానిమీద రెండంగుళాలు కూడా నడవకుండా విరిగింది. గోనెసంచులు కుట్టే దబ్బనం మిల్లు నుంచి తెప్పించుకుని, బళ్ళోంచి రాగానే కూర్చుని, ఎలుకలు కొట్టిన పదిహేడు చిల్లులకి మాసికలు వేశాను. వేళ్ళు పుళ్ళు పడ్డాయి. "ఈ కుట్లు నేవీలో కూడా ఎవరూ వెయ్యలేరు" అని మెచ్చుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పని చూసి ఆయన అన్న మొదటి మంచి మాట అదే. ఆ మాటకి పొంగిపోయి చాప అంచులు కూడా చుట్టూ మళ్ళీ కుట్టేశాను. మొగుళ్ళకి ఇలాంటి కిటుకులు ఎవరు నేర్పిస్తారో!

తాళ్ళ దగ్గర మాత్రం మేం పోట్లాడుకున్నాం. పడవ మధ్యలో నిలబెట్టే కొయ్యని ఆయన మాస్టు అనేవారు, నేను గుంజ అనేదాన్ని. దానికి మూడు వైపుల నుంచి మూడు తాళ్ళు పట్టి ఉండాలి. అటొకటి, ఇటొకటి, ముందుకొకటి. ఈ మూడూ సమానంగా బిగిస్తేనే అది నిటారుగా నిలబడుతుంది. ఆ తాళ్ళు ఆరేళ్ళుగా గోనెసంచిలో చుట్టబెట్టి ఉన్నవి. "సంతలో కొత్త మోకు కొందామండీ" అన్నాను. "మీ గొడ్లని కట్టే మోకులు దీనికి పనికిరావు. ఇది ఓడ తాడు" అన్నారు. ఓడ తాడైతే ముసలిదవదా? అదే అడిగాను. "నీకు తెలియదు, ఊరుకో" అన్నారు. ఊరుకోక చస్తానా! శనివారం సాయంత్రం కట్ట మీదే పడవలో కొయ్య నిలబెట్టి తాళ్ళు బిగించారు. ఆదివారం గుడి నుంచి తిన్నగా వచ్చి చూస్తే అన్నీ వదులై ఊగుతున్నాయి. "చూశావా, నిన్న కట్టిన తాడు రాత్రికి రాత్రి జానెడు పెరిగింది. పాత తాళ్ళింతే, లాగినకొద్దీ పెరుగుతాయి, పెరిగినప్పుడల్లా బిగించుకుంటూ పోవాలి" అని నాకు పాఠం చెప్పారు.

ఆ పాఠం చెబుతూనే ఒక ముడి వేశారు. అది జారిపోయింది. మళ్ళీ వేశారు. మళ్ళీ జారింది. కళ్ళకి గంతలు కట్టినా ముప్ఫై రకాల ముళ్ళు వేస్తానని పెళ్ళయిన కొత్తలో గొప్పలు చెప్పిన మనిషి. నేను చూస్తున్నానని చూసి, "మంచినీళ్ళు పట్టుకురా" అన్నారు. కట్ట కింద కూర్చున్న మా అత్తగారి దగ్గర మరచెంబు ఉంటే తెచ్చాను. వచ్చేసరికి అదే ముడి, అవే వేళ్ళు, చెవులు మాత్రం ఎర్రగా అయ్యాయి. "ఎండండీ, కాసేపు ఆగండి" అన్నాను. "నా ముడి సంగతి నీకెందుకు? నువ్వు పైన తాడు చూడు, ఏమన్నా తేడా వస్తే చెప్పు" అని కసిరారు. సరే, ఆ పని నాదైంది.

మధ్యాహ్నం మూడు దాటింది. ఆఫీసరు రావటానికి ఇంకా గంట లేదు. మా అత్తగారు గొడుగు వేసుకుని కట్ట మీదకొచ్చి కూర్చున్నారు. ఆవిడ పుట్టి పెరిగింది వినగడప పల్లెలో, పడవ ఎరగని మనిషి. కొడుకు పడవ నడుపుతుంటే చూడాలని ఉపవాసం కూడా ఉన్నారు. షావుకారుగారు స్కూటరు మీద వచ్చి దూరంగా నిలబడ్డారు. పడవ సగం నీళ్ళలో, సగం ఒడ్డున ఉంది. ఆయన పడవ ముందు నిలబడి ముందు తాడుని కిందికి లాగి బిగిస్తున్నారు. నేను పక్కన నిలబడి మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తున్నాను. అప్పుడు కనిపించింది. కొయ్య తలకాయ దగ్గర, ఆ ముందు తాడు మూడు పేటల్లో ఒక పేట విడిపోయి, వెంట్రుకల్లాగా లేచి నిలబడింది. చూస్తుండగానే రెండో పేట కూడా విచ్చుకుంటోంది.

తాడు తెగుతోంది. ఆ రెండు మాటలు అరిస్తే చాలు. కానీ నేను పెళ్ళయిన ఆడదాన్ని, నా మొగుడు ఆ కొయ్య ముందు నిలబడి ఉన్నాడు, ఆయన్ని కన్నతల్లి వింటోంది. మా ఇళ్ళల్లో ఏ ఆడదైనా తాడు తెగిందని నోటితో అంటుందా? పుస్తెల తాడు తెగితే పెరిగిందంటాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. ఇవన్నీ మూఢనమ్మకాలని పాస్టరు అయ్యగారు గుళ్ళో ఎన్నిసార్లు చెప్పలేదు? బళ్ళో పిల్లలకి నేను చెప్పలేదూ? చెప్పాను. అయినా నాలుక నా మాట వినలేదు, మా అమ్మ మాటే వింది.

"ఏవండీ! తాడు పెరిగిందండీ!" అని అరిచాను.

ఆయన ఒక్క క్షణం ఆగి నా వైపు చూశారు. "పక్కకి జరుగు" అన్నారు. జరిగాను. ఆయన తాడుని రెండు చేతుల్తో పట్టుకుని, కాలు పడవకి ఆనించి, బలమంతా పెట్టి లాగారు.

టప్పున మోత వినిపించింది. ఆయన వెల్లకిలా నీళ్ళలో పడ్డారు. కొయ్య వెనక్కి ఒరిగి, పడవ వెనక చెక్క మీద పడి, మొదలు దగ్గర నిలువునా చీలిపోయింది. నా పదిహేడు మాసికల చాప బురదలో పడింది. మా అత్తగారు "ప్రభువా!" అని గొడుగు వదిలేసి పరిగెత్తారు. ఆయన లేచి నిలబడ్డారు. మోచెయ్యి గీరుకుపోయిందంతే, ఇంకేమీ కాలేదు. నేను మాత్రం ఒడ్డున కూలబడిపోయాను. చీర తడుస్తోందని కూడా తెలియలేదు.

ఆఫీసరు సరిగ్గా నాలుగింటికి జీపులో వచ్చారు. నెరిసిన మీసాలు, ఇస్త్రీ చొక్కా. చీలిన కొయ్య చూశారు, తాడు కొస చేతిలోకి తీసుకుని గోటితో గీకితే పొడి రాలింది. "ఈ తాడు పరీక్ష చెయ్యలేదా?" అని అడిగారు. మా ఆయన తడిబట్టల్లో అటెన్షన్‌లో నిలబడి, "లేదు సార్. తప్పు నాదే" అన్నారు. ఆఫీసరు తాడు కొస కింద పడేశారు. "ముప్ఫైమంది పిల్లల్ని నీ చేతిలో పెట్టాలి. పాత తాడుని నమ్మే మనిషి చేతిలో ఎలా పెట్టమంటావు?" అన్నారు. కోపంగా అనలేదు, బాధగానే అన్నారు. మా అత్తగారు ఇచ్చిన మజ్జిగ తాగి, ఈయన భుజం తట్టి వెళ్ళిపోయారు. జీపు దుమ్ము అణిగేదాకా మేం కట్ట మీదే నిలబడ్డాం. షావుకారుగారు వచ్చి, "పోనీలెండి నేవీగారూ, మిల్లు ఎక్కడికీ పోదు" అన్నారు. ఓదార్పే. కానీ అది విని మా ఆయన మొహం చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. తెగిందని ఎందుకు చెప్పలేదని అడగలేదు. అడిగితే బాగుండేది. తిడితే ఇంకా బాగుండేది. మర్నాటి నుంచి మళ్ళీ కాటా, మళ్ళీ అరుగు, మళ్ళీ ఊఁ. నాకేమో లోపల పురుగు దొలిచేది. నాలుక జారింది ఆచారం కోసమేనా? లేక వంటింట్లో చేసుకున్న ఆ రెండో ప్రార్థన ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిందా? తెగింది అనకపోయినా "లాగొద్దు" అనొచ్చుగా? "ఆగండి" అనొచ్చుగా? అవి అనకూడని మాటలు కావే! నా బడి నాకు మిగిలింది, ఆయన పడవ ఆయనకి పోయింది. ఆ సంగతి అయ్యగారికి చెప్పుకోలేను, దేవుడి ముందు దాచుకోలేను. గుళ్ళో సంస్కారం, అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారాల్లో అందరూ లేచి దేవుడి బల్ల దగ్గరికి వెళ్తే నేను బెంచీ మీదే కూర్చుండిపోయేదాన్ని. మనసులో తప్పు పెట్టుకుని అది తీసుకోకూడదు. ఒంట్లో బాగాలేదని అత్తగారికి చెప్పేదాన్ని. ఆవిడ పాపం ఏదో విశేషమేమోనని నాకు పుల్లమామిడికాయలు తెప్పించేవారు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఈస్టరు ముందు వచ్చే మట్టల ఆదివారం పొద్దున ఆయన వసారాలో అద్దం మేకుకి తగిలించి గడ్డం చేసుకుంటున్నారు. నేను పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఆయన అద్దంలోనే నన్ను చూస్తూ, "వచ్చేవారం పండగ. ఈసారైనా సంస్కారం తీసుకుంటావా?" అన్నారు. ఆయన గమనిస్తున్నారని నాకు తెలియదు. చేట కింద పెట్టేశాను. ఇంక ఆగలేక మొత్తం చెప్పేశాను. నాకు వెళ్ళాలని లేదని, ఆ రోజు తాడు తెగుతోందని తెలిసే పెరిగిందన్నానని, ఆ మాట ఆచారం అన్నదో నా స్వార్థం అన్నదో నాకే తెలియదని, నా వల్లే మీ బతుకు ఆ కాటా దగ్గర ఆగిపోయిందని. ఏడుస్తూ చెప్పాను. ఎంతో కొంత తిడతారని తలవంచుకుని కూర్చున్నాను.

ఆయన కత్తి కిందపెట్టారు. సగం మొహానికి సబ్బు నురగ అలాగే ఉంది.

"ఏమే," అన్నారు మెల్లిగా, "నేను మా అమ్మ కొడుకుని కానా? ఆడది తాడు పెరిగిందంటే ఏంటో నాకు తెలియదా?"

నాకు అర్థం కాలేదు.

"నువ్వన్నది అర్థమైంది. అర్థమయ్యే లాగాను." ఆయన చేతులు చూసుకున్నారు. "ఆ వారం రోజులూ ఈ వేళ్ళకి ఒక్క ముడి గుర్తు రాలేదే. పడవలోకి కాలు పెట్టాలంటే భయమేసింది. నాకు నేర్పినాయన వస్తున్నాడు. ఆయన కళ్ళ ముందు చేతగానివాడిననిపించుకోవటం కంటే, తాడు పాతదనిపించుకోవటం నయమనిపించింది. నువ్వు అరిచావు. మంచి సమయానికి అరిచావనుకున్నాను."

రెండేళ్ళు. దేవుడి బల్ల దగ్గరికి వెళ్ళకుండా, కడుపులో కుంపటి పెట్టుకుని రెండేళ్ళు. ఈయన నా పక్కనే కూర్చుని అన్నం తిన్నారు, ఊఁ కొట్టారు, ఒక్కనాడూ నోరు విప్పలేదు. భయపడ్డానని నాతో చెప్పుకుంటే నేను నవ్వుతానా? ఊరికి చాటింపు వేస్తానా? నాకు ఒళ్ళంతా కోపం, దాని కింద జాలి, ఆ రెండింటి మధ్య నిప్పులాంటి దుఃఖం. పెళ్ళయినప్పటి నుంచి ఏవండీ తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరు నాది.

"ఒరేయ్!" అని అరిచాను. "రెండేళ్ళురా! నాతో చెప్పటానికి నీకేం మాయరోగంరా!"

వీధిలో పోయేవాళ్ళు ఆగారు. లోపల మంచం మీద నుంచి మా అత్తగారు, "ఎవరే అమ్మాయ్, వచ్చిందీ? పాలవాడా?" అని కేకేశారు.

మా ఆయన నన్నే చూస్తున్నారు. నురగ మీద నుంచి కన్నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నారు కూడా.

"పాలవాడు కాదమ్మా," అన్నారు. "నేనే."